అడవిలో తలకిందులుగా మాను దిగే నీలం పిట్ట వడ్రంగి పిట్టేనా?

తూర్పు కనుమల్లో నడుస్తుంటే ఎర్ర ముక్కు, నీలం వీపు ఉన్న చిన్న పిట్ట ఒకటి తల కిందికి పెట్టి చెట్టు దిగుతూ కనిపించిందని, అది వడ్రంగి పిట్టల్లో ఒక రకమా అని అడిగారు.

కాదండి. మీరు చూసింది వెల్వెట్ ఫ్రంటెడ్ నట్‌హాచ్. అలా తలకిందులుగా దిగిందని చెప్పారు కదా, వడ్రంగి పిట్ట కాదని తెలియడానికి అదే చాలు. వడ్రంగి పిట్ట గట్టి తోక ఈకలను మానుకు ఆనించుకుని పైకి పాకుతుంది. నట్‌హాచ్ తోక పొట్టిది, ఆసరాకు పనికిరాదు. భారమంతా కాళ్ల మీదే. రెండు కాళ్లూ పక్కపక్కన పెట్టదు. ఒకటి పైన, ఒకటి కింద పెడుతుంది. పై కాలితో బెరడును పట్టుకుని వేలాడుతుంది, కింది కాలు ఊతం. వెనక వేలి గోరు పొడవుగా, బలంగా ఉంటుంది. ఈ ఏర్పాటు వల్ల పైకి, కిందికి, అడ్డంగా, కొమ్మ అడుగు భాగాన కూడా అంతే వేగంగా తిరగగలదు. బైనాక్యులర్స్‌లో దొరికితే ముందు కాళ్లే చూడండి. రంగుల కంటే నాకు అవే ఎక్కువ అద్భుతంగా అనిపిస్తాయి.

దిగుతూ వెతకడంలో లాభం కూడా ఉంది. కింది నుంచి పైకి పాకే పక్షికి కనపడని బెరడు పగుళ్లలోని పురుగులు, సాలీళ్లు పైనుంచి వచ్చేదానికి కనిపిస్తాయి. ఒకే మాను మీద రెండు రకాల పక్షులు బతకడానికి ఇది ఒక దారి.

పిచ్చుక కంటే చిన్నది, సుమారు 12 సెంటీమీటర్లు. నుదుటి మీద మఖమల్ లాంటి నల్ల మచ్చ, పసుపు కన్ను. పొట్ట లేత గులాబీ-ఊదా ఛాయలో ఉంటుంది. నీడలో వీపు దాదాపు నల్లగా కనిపిస్తుంది, ఎండ పడితేనే ఆ నీలం తెలుస్తుంది. మన అడవుల్లోనే ఇండియన్ నట్‌హాచ్ అని దీని బంధువు ఒకటి ఉంది. దాని వీపు బూడిద-నీలం, పొట్ట ఇటుక రంగు, ముక్కు నల్లన. కాబట్టి ఎర్ర ముక్కు చూశానన్నారంటే సందేహం అక్కర్లేదు. మన దేశంలోనే కాదు, శ్రీలంక నుంచి ఇండోనేషియా దాకా ఉందీ పిట్ట. శాస్త్రవేత్తలకు దీన్ని పరిచయం చేసింది బ్రిటిష్ పక్షి శాస్త్రవేత్త విలియం స్వైన్సన్, 1820లో.

మళ్లీ చూడాలంటే దీన్ని ఒక్కదాన్నే వెతుక్కుంటూ తిరగకండి. నా అనుభవంలో ఇది ఎక్కువగా గుంపుతో వస్తుంది. చాలాసేపు అడవి నిశ్శబ్దంగా ఉండి, ఒక్కసారిగా చుట్టూ మినివెట్లు, ఏట్రింతలు, చిన్న చిన్న ఈగపట్టు పిట్టలు కలిసి కదులుతుంటాయి. ఆ సందడిలో 'సిట్-సిట్-సిట్' అని వేగంగా, సన్నగా వినపడితే వెంటనే మానుల వైపు చూడండి. వెంటపడి పరుగెత్తితే అందదు. గుంపు వెళ్తున్న దిశలో ఒక పెద్ద చెట్టు ఎంచుకుని కదలకుండా నిలబడటమే నాకు ఎప్పుడూ పనికొచ్చిన పద్ధతి.

గూడు చెట్టు తొర్రలో. సహజంగా ఏర్పడినదో, వేరే పక్షులు తొలిచి వదిలేసినదో వెతుక్కుని, నాచు, వెంట్రుకలు, ఈకలు పరుస్తుంది. ఎర్ర చుక్కలున్న తెల్లని గుడ్లు పెడుతుంది. ప్రపంచం మొత్తం మీద ఈ జాతికి ఇప్పుడు ప్రమాదం లేదు, అయినా తొర్రలున్న ముసలి చెట్లు, నిలబడి ఎండిన చెట్లు లేనిచోట ఇది పిల్లల్ని పెంచలేదు. ఎండిన మాను 'పనికిరానిది' అని కొట్టేస్తుంటే నాకు నిజంగా బాధేస్తుంది. తొర్ర కనిపిస్తే దూరం నుంచే చూడండి, ఫోటో కోసం దగ్గరికి వెళ్లొద్దు.

మీరు తీసిన ఫోటో ఉంటే కంటి పైభాగం జూమ్ చేయండి. నుదుటి నుంచి వెనక్కి సన్నని నల్ల గీత ఉంటే అది మగది, లేకపోతే ఆడది. పక్కన నల్ల ముక్కుతో ఇంకొకటి ఉంటే అది పిల్ల.