తూటా చాంబర్‌లో పట్టిందని పేల్చొద్దు

సందేహం: మా సేకరణలో కోల్ట్ 1902 పిస్టల్ ఉంది. దాని తూటా .38 ఏసీపీ. ఫొటో తీస్తే తూటా పేరు చెప్పే యాప్ మాత్రం .38 సూపర్‌కు కూడా ‘పూర్తి మ్యాచ్’ అని ఆకుపచ్చ గుర్తు చూపిస్తోంది. వాడొచ్చా?

వాడకండి. ఇలాంటి ప్రశ్నలు పదేపదే వస్తున్నాయి. పిస్టల్ పేరు మారుతుంది కానీ యాప్ చేసే తప్పు ఒక్కటే. ఈ రెండు తూటాల కేసు (మందు ఉండే ఇత్తడి గొట్టం) కొలతలు ఒకటే కాబట్టి .38 సూపర్ మీ చాంబర్‌లోకి, అంటే పేలేముందు తూటా కూర్చునే గదిలోకి, ఇట్టే దూరుతుంది. అసలు తేడా పేలినప్పుడు లోపల పుట్టే పీడనంలో ఉంది, అది ఫొటోకు అందదు. అమెరికాలో తూటాల ప్రమాణాలు నిర్ణయించే సామీ సంస్థ .38 ఏసీపీకి పెట్టిన గరిష్ఠ పరిమితి 26,500 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), .38 సూపర్‌కు 36,500. మీ పిస్టల్‌లో స్లైడ్‌ను (పేలినప్పుడు వెనక్కి జరిగే పైభాగం) ఫ్రేమ్ మీద నిలిపి ఉంచేది ముందుభాగంలో అడ్డంగా దూర్చిన చిన్న ఉక్కు చీల. అది విరిగితే స్లైడ్ వెనక్కి ఎగిరి నేరుగా పేల్చేవారి ముఖానికి తగలొచ్చు.

1910 నాటి ఇటలీ పిస్టల్ గ్లిసెంటిదీ ఇదే కథ. అందులో 9 ఎంఎం పారాబెల్లం చక్కగా పడుతుంది. కానీ ఆ పిస్టల్‌ను తక్కువ శక్తి గల గ్లిసెంటి తూటా కోసం చేశారు. పైగా ఫ్రేమ్‌కు ఎడమవైపు ఉన్నది ఊడదీసే పలక, దానికి అంత బలం లేదు. పాత జర్మన్ పిస్టల్ మౌజర్ సీ96లో ఎక్కువ పీడనం గల 7.62 టొకరెవ్ తూటా వాడొచ్చని చెప్పే యాప్‌లనూ నమ్మొద్దు. అక్కడ బోల్ట్‌ను (తూటా వెనుక చాంబర్‌ను మూసే భాగం) ఆపే భాగం విరిగితే బోల్ట్ వెనక్కి దూసుకొస్తుంది.

కొలతలు పోల్చి, పీడనం గడి ఖాళీగా వదిలేసి, పైన ఆకుపచ్చ గుర్తు పెట్టడం క్షమించరాని డిజైన్. పీడనం తెలియనప్పుడు ‘మ్యాచ్’ అనే మాటే తెరమీద రాకూడదు. తూటా అడుగున ముద్ర, డబ్బామీద పేరు చూడండి. ‘ప్లస్ పీ’ (+P, అంటే ఎక్కువ పీడనం) అని ఉంటే పక్కన పెట్టేయండి. బ్యారెల్ ఎప్పుడైనా మార్చారేమోనన్న అనుమానం ఉంటే తుపాకుల మెకానిక్ చేత తక్కువ వేడికే కరిగే సెరోసేఫ్ అనే లోహంతో చాంబర్‌కు అచ్చు తీయించి, గంట తర్వాత కొలిపించండి. అప్పటికి ఆ లోహం సరిగ్గా చాంబర్ కొలతకు వస్తుంది.

సరైన తూటా దొరికినా పాత రికాయిల్ స్ప్రింగ్‌తో (వెనక్కి వచ్చే స్లైడ్‌ను అదుపుచేసే స్ప్రింగ్) పేల్చొద్దు, ముందు కొత్తది వేయించండి. స్ప్రింగ్ నీరసిస్తే స్లైడ్ ప్రతిసారీ ఫ్రేమ్‌ను గట్టిగా గుద్దుతుంది. ఖాళీ కేసులు మునుపటికంటే దూరం పడుతున్నా, గుద్దుకునే చోట మెరిసే కొత్త నొక్కులు కనిపించినా ఆపేయండి. నూనె తుడిచి, చీల దూరే గాడి మూలలను భూతద్దంతో చూస్తే పగుళ్లు బయటపడతాయి. మొదట మ్యాగజైన్‌లో ఒక్క తూటా, తర్వాత రెండు వేసి పరీక్షించండి. ట్రిగ్గర్ ఒక్కసారి నొక్కగానే రెండూ పేలితే దాని భాగాలు అరిగాయని అర్థం. పాతకాలపు క్లోరేట్ ప్రైమర్ (మందును అంటించే భాగం) ఉన్న తూటాలు వాడితే బ్యారెల్‌లో ఉప్పు మిగులుతుంది. నూనెకు అది కరగదు. అదే రోజు వేడినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, ఆపైన నూనె రాయండి.

ఇక మీరు యాప్‌కు పంపిన ఆ ఫొటో. కెమెరాలో లొకేషన్ ఆన్‌లో ఉంటే, తుపాకీ ఏ ఇంట్లో ఉందో అదే ఫైలు చెప్పేస్తుంది. పక్కన సీరియల్ నంబర్ కూడా కనిపిస్తే దొంగకు ఇంకేం కావాలి? కెమెరా సెట్టింగ్‌లలో లొకేషన్ ఆపండి, నంబర్‌మీద కాగితం పెట్టి తీయండి, ఇప్పటికే ఎక్కించినవి యాప్ ఖాతాలోంచి తొలగించండి.