మందార మొగ్గలు నిలవాలంటే

ప్రశ్న: రెండేళ్ల కిందట కడియం నర్సరీలో కొని పెరట్లో నాటిన ముద్దమందారం ఏపుగా పెరిగింది. మొగ్గలు విరగబూస్తాయనుకుంటే శనగగింజంత కాగానే పసుపెక్కి రాలిపోతున్నాయి. రోజూ నీళ్లు పోస్తున్నాను, నెలనెలా గుప్పెడు యూరియా వేస్తున్నాను. లోపం ఎక్కడ?
– పాఠకురాలు, అమలాపురం

జవాబు: మీరు చెప్పిన ఆ రెండింటిలోనే ఉందమ్మా. కోనసీమ ఒండ్రుమట్టి పైన బీటలిచ్చినా జానెడు లోతున ముద్దగానే ఉంటుంది. వేళ్లకు గాలి ఆడకపోతే మందారం ముందుగా వదులుకునేది మొగ్గల్నే. పాదులో వేలు రెండు కణుపుల లోతుకు దించి చూడండి. మట్టి అంటుకుంటే ఆ పూట నీళ్లు వద్దు. వానాకాలంలో మొదలుకు రెండడుగుల దూరంలో చిన్న బోదె తీసి నీటిని బయటికి పంపండి. అలాగని బెట్టకు వదిలేసి ఒక్కసారిగా ముంచినా మొగ్గ నిలవదు. వేసవిలో కాలువ కట్టేశాక ఉప్పుబోరు నీళ్లు పోస్తే ఆకుల అంచులు కూడా మాడతాయి.

యూరియా ఆకును పెంచుతుంది, పువ్వును కాదు. అది మానేసి, రెండు నెలలకోసారి రెండు కిలోల మాగిన పశువుల ఎరువు, 20 గ్రాముల సల్ఫేట్ ఆఫ్ పొటాష్ పాదు అంచున వేసి మట్టి కప్పండి. సూపర్ ఫాస్ఫేట్ అదేపనిగా వేయకండి. భాస్వరం ఎక్కువైతే ఇనుము అందక లేత ఆకులు ఈనెలు పచ్చగా, మధ్యభాగం పసుపుగా మారతాయి.

రాలిన మొగ్గ ఒకటి గోటితో చీల్చి తెల్లకాగితం మీద దులపండి. నూలుపోగు ముక్కల్లాంటి సన్నని పురుగులు కదిలితే అవి తామరపురుగులు. లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి, సాయంత్రం పూట వారానికోసారి మూడుసార్లు కొట్టండి. రాలిన మొగ్గలు ఏరి కాల్చేయండి. ముద్దమందారం సహజంగానే రేకుమందారం కన్నా మొగ్గ ఎక్కువ రాలుస్తుంది. నాలుగు రాలితే కంగారు పడక్కర్లేదు.

ఇకముందు మొక్క తెచ్చినప్పుడు, కవరులోని ఎర్రమట్టి ముద్దను అలాగే నల్లమట్టిలో పాతకండి. వేళ్లు ఆ ముద్దలోనే గుండ్రంగా చుట్టుకుంటాయి. అంచుల మట్టిని వేళ్లతో మెల్లగా రాల్చి, రెండు పాళ్లు మన్ను, ఒక పాలు ఇసుక, ఒక పాలు ఎరువు కలిపి, గట్టు ఎత్తు చేసి నాటండి.

ప్రశ్న: రేకుమందారం కొమ్మలు గుచ్చితే కుళ్లిపోతున్నాయి. ఎలా నాటాలి?
– పాఠకుడు, రావులపాలెం

జవాబు: పేడ ఎరువులో గుచ్చి ఉంటారు. వేరు పుట్టేదాకా ఎరువు పనికిరాదు. జులై, ఆగస్టుల్లో పెన్సిలంత లావు, లేతా ముదురూ కాని కొమ్మను ఆరంగుళాలు తీసుకోండి. కింద కణుపు దిగువన ఏటవాలుగా కోసి, పైన రెండాకులు సగానికి కత్తిరించి ఉంచండి. సమపాళ్ల ఇసుక, కొబ్బరిపొట్టులో గుచ్చి నీడన పెట్టండి. వేరు పడటానికి అయిదు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. మధ్యలో పీకి చూస్తే వచ్చిన వేరు తెగుతుంది.

ప్రశ్న: చిగుళ్లు ముడుచుకుని తెల్లపిండి పట్టింది, చీమలూ తిరుగుతున్నాయి.
– పాఠకురాలు, తణుకు

జవాబు: అది పిండినల్లి. దాని తీపిరసం కోసం వచ్చే చీమలే దానికి కాపలా. ముడుచుకున్న కొసలు కోసి సబ్బునీళ్ల బకెట్లో ముంచండి, పెంటకుప్పలో వేస్తే మళ్లీ పాకుతుంది. మిగతా చెట్టును గొట్టంతో గట్టిగా కడిగి, పైన చెప్పిన వేపనూనె కొట్టండి. పిచికారీకి ముందు ఒకసారి పరకాయించండి. పిండినల్లిలాగే తెల్లగా ఉండి, అంతకన్నా పెద్దగా, చురుగ్గా నడిచేవి కనిపిస్తే అవి దాన్ని తినే అక్షింతల పురుగు పిల్లలు. అవి ఉన్న కొమ్మకు మందు తగలనివ్వకండి.