కోవూరులో ఇల్లు కొనబోయే ముందు

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

నాయనా, కోవూరులో ఇరవై ఏళ్ల నాటి డాబా ఇల్లు బేరానికి వచ్చిందనీ, వచ్చే ఆదివారమే బయానా ఇవ్వాలనుకుంటున్నావనీ మీ నాన్న చెప్పాడు. ఇల్లు కొనవద్దని నేను అనను. కాని గట్టి వాన ఒకటి పడి, ఆ మరునాడు ఆ ఇంటిని మనం కళ్లారా చూసేదాకా ఒక్క రూపాయి కూడా చేతులు మారకూడదు. మన నెల్లూరు జిల్లాకు అసలైన వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతోనే వస్తాయి కనుక, ఎండాకాలంలో రంగు వేసి చూపించిన ఇల్లు తన లోపాలను అప్పటిదాకా దాచుకోగలదు.

ఈ మాట నేను అనుభవించి చెబుతున్నాను. నెల్లూరులో నా మొదటి ఇంటిని మే నెలలో చూశాను. పడకగదిలో గోడకు ఆనించి పెద్ద బీరువా ఉండేది. దాన్ని జరపమని అడగడానికి మొహమాటపడ్డాను. కార్తీకమాసపు వానలకు ఆ మూల సున్నం ఉబ్బింది, తరువాత ఒక రాత్రి శ్లాబు పెచ్చు అరచేయంత ముక్క మంచం పక్కనే పడింది. పొద్దున్నే నిచ్చెన వేసుకుని చూస్తే, లోపలి కడ్డీ పొరలు పొరలుగా లేచి, వేలితో గీకితే ఎర్రటి పొడి రాలింది. ఆ గది పైకప్పు బాగుచేయించడానికి నా ఏడాది జీతం దాదాపుగా అయిపోయింది. అమ్మినవారికి సంగతి తెలుసునని ఇరుగుపొరుగు వారు ఆ తరువాత చెప్పారు.

ఇనుము తుప్పు పడితే అది ఆక్రమించే చోటు పెరుగుతుంది. ఆ ఒత్తిడికే దాని మీది కాంక్రీటు పగిలి ఊడుతుంది. సముద్రం దగ్గరున్న ఊళ్లలో ఉప్పునీటి బోర్లతో కాంక్రీటు కలిపినా, క్యూరింగు చేసినా (అంటే కాంక్రీటు గట్టిపడేదాకా తడుపుతూ ఉన్నా) ఈ జబ్బు త్వరగా వస్తుంది. అందుచేత ఇల్లు కట్టినప్పుడు ఏ నీళ్లు వాడారో తప్పక అడుగు. శ్లాబు అడుగుభాగాన్ని, సన్‌షేడ్ల అంచులను, పిట్టగోడ మొదలును చిన్న సుత్తితో మెల్లగా తట్టుతూ పోవాలి. గట్టిగా ఉన్నచోట ఖణేల్‌మంటుంది, పెచ్చు విడిన చోట గుల్ల శబ్దం వస్తుంది. కడ్డీ పోయే దారి వెంబడే సన్నని గీత ఉండి, దాని పక్కన గోధుమరంగు మరక కనిపిస్తే అనుమానించు.

పగుళ్లన్నీ ప్రమాదకరమైనవి కావు. పూత మీద వలలాగా పరచుకున్న వెంట్రుక గీతలు కేవలం సిమెంటు పూత ఆరినప్పుడు వచ్చినవి. కిటికీ మూల నుంచి ఏటవాలుగా మెట్లుమెట్లుగా పోయేది, గోడ రెండు వైపులా కనిపించేది, పునాది కుంగిందని చెబుతుంది. ఒంగోలు వైపు నల్లరేగడి నేలల్లో ఇళ్లకు ఇది ఎక్కువ. ఆ మట్టి తడికి ఉబ్బి, ఎండకు బీటలు వారి ఇంటిని ఊపుతూ ఉంటుంది.

స్నానాలగది గడప దగ్గర తడిగుడ్డతో అడ్డుకట్ట వేసి, అంగుళం మేర నీళ్లు నింపి ఒక రోజంతా ఉంచనివ్వమని అడుగు. గోడ అవతలి వైపు చెమ్మ వస్తుందో లేదో మర్నాడు తెలుస్తుంది. మేడమీద వాన నీరు నిలిచిన చోట్ల పాకుడు మచ్చలుంటాయి. కరెంటు విషయంలో ఎర్తింగు ఉందో లేదో ఎలక్ట్రీషియను చేత పరీక్ష చేయించు. మిగిలినది అతనే చూసుకుంటాడు.

ఇక వరద. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయింది, జాతీయ రహదారి మీద రాకపోకలు ఆగిపోయాయి. అప్పుడు ఆ వీధిలో నీళ్లు ఎంతవరకు వచ్చాయో బ్రోకరును అడగకు. ఎదురింటి ముసలమ్మను అడుగు. గోడ మీద చేయి పెట్టి మరీ చూపిస్తుంది.

కాగితాల సంగతి లాయరుకు అప్పగించినా, మూడు విషయాలు నువ్వే చూసుకో. ఆస్తి మీది లావాదేవీలు చూపే ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) ఒక్కటే చాలదు, ఇల్లు ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చూపే లింకు దస్తావేజులు కనీసం ముప్పయ్యేళ్లవి వరుసగా ఉండాలి. ఆ సర్వే నంబరు రిజిస్ట్రేషను చట్టం సెక్షను 22ఏ కింద రిజిస్ట్రేషను నిషేధించిన భూముల జాబితాలో లేదని నిర్ధారించుకోవాలి. డీకేటీ పట్టా (ప్రభుత్వం పేదలకు ఇచ్చినవి), వాగు పోరంబోకు భూములు అందులో ఉంటాయి. చెక్కుబందీ (దస్తావేజులో రాసిన నాలుగు హద్దుల) కొలతలు టేపుతో సరిచూడాలి. మన దగ్గర అంకణం అంటే 72 చదరపు అడుగులు, అంటే 8 గజాలు; తిరుపతి వైపు లెక్క వేరు. కాబట్టి అగ్రిమెంటులో గజాలు కూడా రాయించు. ఇంజనీరు పరీక్షలో పెద్ద లోపం తేలితే బయానా తిరిగి ఇవ్వాలన్న షరతును కూడా అందులోనే పెట్టించు. ఇది అడగడానికి మొహమాటపడవద్దు.

ఇంజనీరును బ్రోకరు ద్వారా కుదుర్చుకోవద్దు. అతని ఫీజు నువ్వే ఇవ్వాలి, నివేదిక నీ పేరునే రావాలి. రీబౌండ్ హ్యామరుతో కొట్టి చూస్తే కాంక్రీటు పైపొర గట్టిదనం తెలుస్తుంది గాని, దాని అంకె ఒక్కటి చూసి ఇల్లు గట్టిదని తేల్చకూడదు.

వాన పడిన వెంటనే ఫోను చెయ్యి, మొదటి బస్సుకే వస్తాను. సుత్తి, టేపు, రసమట్టం నేను తెస్తాను. నువ్వు ఒక పొడవాటి నిచ్చెన ఏర్పాటు చేసి, గోడలకు ఆనించిన బీరువాలు, అటక మీది సామాను ముందే జరిపించి ఉంచమని ఇంటివారిని అడుగు.