మాట తక్కువ అబ్బాయి విపత్తు నిర్వహణకు పనికొస్తాడా?

ప్రశ్న: మాది కవిటి మండలంలో ఒక పల్లె. తిత్లీ తుపానుకు మా కొబ్బరితోట నేలమట్టమైంది. అప్పుడు ఏడో తరగతి చదువుతున్న మా అబ్బాయి ఇప్పుడు డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నాడు. విపత్తు నిర్వహణ చదువుతానంటున్నాడు. దానికి నాయకత్వ లక్షణాలు కావాలట. వాడేమో నలుగురిలో నోరు విప్పడు. బ్యాంకు పరీక్షలు రాయమనడమే మంచిది కాదా?

జవాబు: అయ్యా, మీ అబ్బాయి బిడియం గురించి మీరు పడుతున్న బెంగ నాకు అర్థమైంది. ముందు దానికే జవాబు చెబుతాను.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస సమీపంలో తిత్లీ తీరం దాటాక మీ ప్రాంతంలో రోడ్లు ఎలా ఉన్నాయో మీకు తెలుసు. అలాంటి రోడ్డు మీద అడ్డంగా పడిన ఒక్క కొబ్బరిచెట్టును తలచుకోండి. మట్టల్లో కరెంటు తీగ చిక్కుకుని ఉంది. సరఫరా ఆగిందని లైన్‌మన్ చెప్పేవరకు అగ్నిమాపక సిబ్బంది రంపం పెట్టకూడదు. చెట్టు తీసేవరకు 108 ముందుకు పోలేదు. ఆవలి ఊరిలో నెలలు నిండిన గర్భిణి ఎవరో ఏఎన్ఎంకు తెలుసు. జేసీబీ పక్క మండలంలో ఉంది. వీళ్లలో ఎవరూ ఇంకొకరి కింద పనిచేసేవాళ్లు కాదు. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు కలెక్టరే అధ్యక్షులు, నిజమే. కానీ ప్రతి చెట్టు దగ్గరికీ కలెక్టరు రాలేరు కదా! అక్కడ ఎవరి పని ఎవరి పని తర్వాత జరగాలో చూసి, అందరినీ కలిపే మనిషి కావాలి. ఈ రంగంలో నాయకత్వమంటే ముఖ్యంగా అదే. ఎవరి బాధ్యత ఏమిటో ముందే తేల్చుకోవడానికే జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2010లో ఇన్సిడెంట్ రెస్పాన్స్ సిస్టమ్ మార్గదర్శకాలు ఇచ్చింది. మీ అబ్బాయిని వాటిని చదవమనండి.

కంట్రోల్ రూమ్‌లో ఫోను ఎత్తేవారి పని కూడా చూడండి. ఉద్దానంలో 'పుట్టుగ' అని ముగిసే ఊళ్లు ఎన్ని! ఒక్క పేరు తప్పు రాసుకుంటే బండి వేరే ఊరికి పోతుంది. విని, రాసుకుని, తిరిగి చదివి వినిపించే ఓపిక మాట తక్కువవాళ్లలో తరచూ కనిపిస్తుంది. అయితే ఒకటి మాత్రం నేర్చుకోక తప్పదు. తీగలో కరెంటు ఉందేమోనన్న అనుమానం వస్తే, ఎదుట ఎంత పెద్ద అధికారి ఉన్నా "ఆగండి" అని గట్టిగా అనగలగాలి. అది సాధనతో వస్తుంది. కాలేజీలో ఎన్ఎస్ఎస్ ఉంటే వెంటనే చేరమనండి.

ఉద్యోగాల విషయంలో మీ భయం న్యాయమైనదే. కేవలం విపత్తు నిర్వహణ పేరుతో ఉండే ఉద్యోగాలు మన జిల్లాల్లో తక్కువ. జాతీయ విపత్తు స్పందన దళం (ఎన్డీఆర్ఎఫ్)లోకి నేరుగా తీసుకోరు, కేంద్ర సాయుధ బలగాల నుంచి డిప్యుటేషన్‌పై వస్తారు. అందుకే ముందు ఒక ఆధారం చూసుకోవాలి. నా ఓటు గ్రూప్-2 ద్వారా వచ్చే డిప్యూటీ తహసీల్దారు ఉద్యోగానికి. తుపాను వేళ మండలంలో భారమంతా రెవెన్యూవారి మీదే పడుతుంది. ఒళ్లు వంచి పనిచేయడం ఇష్టమైతే అగ్నిమాపక శాఖ ఉంది. దాంతోపాటే ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇగ్నో)లో దూరవిద్య ద్వారా విపత్తు నిర్వహణ పీజీ డిప్లొమా చేయవచ్చు, ఏ డిగ్రీ ఉన్నా చాలు. పూర్తిస్థాయి పీజీ కావాలంటే ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ (టిస్)లో ఉంది, కానీ ఖర్చు చూసుకుని నిర్ణయించండి. బ్యాంకు పరీక్షలు కూడా రాయనివ్వండి, ఆ లెక్కల సాధన గ్రూప్స్‌కూ పనికొస్తుంది.

ఈలోగా వాలంటీర్లకు శిక్షణ ఇచ్చే 'ఆపద మిత్ర' పథకం గురించి శ్రీకాకుళం కలెక్టరేట్‌లో అడగమనండి. ఇంకో చిన్న పని మీరిద్దరూ కలిసి చేయండి. తిత్లీ తర్వాత మొదటి వారం మీ వీధిలో నీళ్లు ఎవరు తెచ్చారు, ముసలివాళ్లను ఎవరు మోశారు, ఏది ఆలస్యమైంది, ఎందుకు ఆలస్యమైంది అన్నది ఒక నోటు పుస్తకంలో రాయించండి. మీరు చెబుతుంటే వాడు రాస్తాడు. రేపు ఏ ఇంటర్వ్యూలోనైనా ఈ రంగం ఎందుకు ఎంచుకున్నావని అడిగితే, వాడికి చెప్పడానికి సొంత మాటలుంటాయి.