హారెం కామెడీ రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన మూడు అధ్యాయాలూ చదివాను. నాలుగైదు చోట్ల పైకే నవ్వాను కూడా. ఇలాంటివి మీకు పంపొచ్చో లేదో అక్కా అని మెసేజ్‌లో తెగ మొహమాటపడ్డావు గానీ, మోటు సరసం చదివి మొహం చిట్లించుకునే మనిషిని కాను. పెళ్ళిళ్ళలో మా పెద్ద ముత్తయిదువలు వియ్యాలవారి మీద కట్టి పాడే పాటలు వినుంటే నీకా అనుమానమే వచ్చేది కాదు.

నాకొచ్చిన ఇబ్బంది సరసంతో కాదు, నీ కథకుడితో. హారెం అనిమేలను, అంటే ఒక్క అబ్బాయి వెనక బోలెడుమంది అమ్మాయిలు పడే జపాన్ కార్టూన్ కథలను, ఆటపట్టించాలని కూర్చున్నావు. బాగుంది. కానీ నీ కథకుడు ప్రతి పేజీలోనూ "చూశారా, ఎంత పిచ్చి కథో!" అని పాఠకుడి డొక్కలో పొడుస్తూనే ఉన్నాడు. ఒక మొద్దబ్బాయి వెనక ఐదుగురు అమ్మాయిలు పడతారు. కథకుడు ఆ ఐదుగురినీ వెక్కిరిస్తాడు, అబ్బాయినీ వెక్కిరిస్తాడు, ఇలాంటి కథలు ఇష్టంగా చూసేవాళ్ళనీ వెక్కిరిస్తాడు. రెండో అధ్యాయం సగానికొచ్చేసరికి వీళ్ళు ఏమైపోతే నాకేంటి అనిపించింది. పాఠకుడికి అలా అనిపించాక ఎంత మంచి జోకు వేసినా తేలిపోతుంది.

'హండ్రెడ్ గర్ల్‌ఫ్రెండ్స్' చూశాకే ఈ ఆలోచన వచ్చిందన్నావు. నేనూ చూశాను, మా అమ్మాయి పక్కన కూర్చోబెట్టి చూపించింది. పూర్తి పేరులో 'రియల్లీ' ఐదుసార్లు ఉంటుంది, జోకు అక్కడే మొదలు. నకమురా రికితో కథ, నొజావా యుకికో బొమ్మలతో 2019 చివర్లో 'వీక్లీ యంగ్ జంప్' పత్రికలో మాంగాగా, అంటే బొమ్మల కథగా మొదలై, 2023 అక్టోబరులో అనిమేగా వచ్చింది. అది చూసి నువ్వు పట్టుకున్నది అల్లరిని. నేను పట్టుకోమనేది దాని కింద ఉన్న క్రమశిక్షణని.

ఈ రకం కథలకు కొన్ని కట్టుబాట్లున్నాయి, నాకన్నా నీకే బాగా తెలుసు. తకహాషి రుమికో 1978లో మొదలుపెట్టిన 'ఉరుసెయి యత్సురా' నుంచి, 1992 నాటి 'తెంచి ముయో' మీదుగా, ఆడపిల్లల హాస్టల్‌కి మేనేజరైన కుర్రాడి కథ 'లవ్ హీనా' దాకా ఒక్కొక్కటే పోగుపడ్డాయి. కొట్టే అమ్మాయి ఒకతి, మెత్తని అమ్మాయి ఒకతి, నోరు విప్పని అమ్మాయి ఒకతి. కాలు జారితే చెయ్యి పడకూడని చోటే పడాలి. వేడినీళ్ళ బుగ్గ ఎపిసోడ్ ఒకటి, బీచ్ ఎపిసోడ్ ఒకటి ఉండాలి. అమ్మాయి ప్రేమ విషయం చెప్పేటప్పుడు సరిగ్గా రైలు కూత పెట్టాలి, వాడు "ఏమన్నావ్?" అనాలి. అన్నిటికన్నా ముఖ్యమైనది, వాడు ఎవరినీ ఎంచుకోకూడదు. ఎంచుకుంటే సీరియల్ అయిపోతుంది, మిగతా అమ్మాయిల అభిమానులు అలుగుతారు. వాడి చెవుడుకి కారణం వాడి మొద్దుతనం కాదు, పత్రిక అమ్మకం.

ఇప్పుడు 'హండ్రెడ్ గర్ల్‌ఫ్రెండ్స్' ఏం చేసిందో చూడు. ఈ కట్టుబాట్లు పిచ్చివని ఎక్కడా అనదు. సరే, ఒప్పుకున్నాను, ఎంతమంది కావాలి, ఐదుగురా? వందమందిని ఇస్తాను అంటుంది. రెంతారో అనే కుర్రాణ్ణి అప్పటికే వందమంది వద్దన్నారు. గుడికి వెళ్ళి మొరపెట్టుకుంటే దేవుడు ప్రత్యక్షమై, హైస్కూల్లో నీకు రాసిపెట్టినవాళ్ళు వందమంది తారసపడతారంటాడు. చూపులు కలిస్తే కరెంటు షాకు. మామూలుగా మనిషికి ఒక్కరే ఉంటారు, దేవుడి పొరపాటు వల్ల వీడికి వందైంది. పైగా ఒక మెలిక: రాసిపెట్టిన మనిషిని కలిశాక ఆ ప్రేమ ఫలించకపోతే ఆ అమ్మాయి ఏదో ప్రమాదంలో పోతుంది. అంటే ఎంచుకోకుండా ఉండటం ఇక్కడ బద్ధకం కాదు, బాధ్యత. ఆ ఒక్క మెలికతో కట్టుబాటు మొత్తం తిరగబడింది చూశావా?

మొదటి రోజే హకారి, కరానే అనే అమ్మాయిలిద్దరూ ప్రేమిస్తున్నామంటారు. రైలు కూత లేదు, చెవుడు లేదు. వాడు ఇద్దరినీ ఎదురుగా పెట్టుకుని, ఇద్దరితోనూ ఉండాలనుకుంటున్నానని చెప్పేస్తాడు. తర్వాత వచ్చే ప్రతి అమ్మాయినీ మిగతావాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళి పరిచయం చేస్తాడు. యాభై ఏళ్ళుగా ఈ రకం కథల్ని నడిపించింది దాపరికం. దాన్ని మొదటి ఎపిసోడ్‌లోనే తీసేస్తే కథ దేనిమీద నడవాలి? చాకిరీ మీద. ఒక్కొక్కరి ఇష్టాలు గుర్తుపెట్టుకోవాలి, ఎవరికీ ఒక్క పిసరు తగ్గకూడదు, రోజుకి ఇరవై నాలుగ్గంటలే. కావలసినంత నవ్వు ఉంది అందులో.

ఎవరినీ ఎంచుకోని అబ్బాయి ఏమవుతాడన్న ప్రశ్నకి రెండో జవాబు కూడా జపాన్ వాళ్ళే చెప్పారు. 2007లో వచ్చిన 'స్కూల్ డేస్' అనిమేలో మకోతో అనే కుర్రాడు ఎవరికీ కాదని చెప్పలేడు. ఒకరికి తెలియకుండా ఒకరితో అబద్ధమాడతాడు. కథ రక్తపాతంతో ముగుస్తుంది. ఆ సెప్టెంబరులో చివరి ఎపిసోడ్ రావలసిన ముందురోజే జపాన్‌లో నిజంగా ఒక హత్య జరగడంతో, టీవీ కనగవా అనే ఛానెల్ ఆ ఎపిసోడ్ ఆపి, దాని బదులు పడవా నీళ్ళూ ఉన్న దృశ్యాలు వేసింది. ఇంటర్నెట్‌లో ఇప్పటికీ ఆ పడవ మీద జోకులు పేలుతూనే ఉన్నాయి. ఈ రెండు కథల్నీ పక్కపక్కన పెట్టుకుని చూడు. ఒక అబ్బాయి, అందరికీ అవును అనడం, అంతవరకూ ఒకటే. ఒకడు దాచాడు, ఒకడు చెప్పేశాడు. ఒకటి శవాల దగ్గర తేలింది, ఒకటి నవ్వుల దగ్గర. రెండూ కట్టుబాటుని మధ్యలో వదిలెయ్యకుండా చివరికంటా లాగినవే. నువ్వు మాత్రం మొదటి పేజీలోనే వదిలేసి, ఒడ్డున నిలబడి రాళ్ళేస్తున్నావు.

ఇంకొక్క ఉదాహరణ చెప్పి వదిలేస్తాను. 2016లో వచ్చిన 'కోనోసుబా'. అది వేరే లోకంలో పుట్టే కథల మీద పేరడీ, అయినా అందులోనూ అబ్బాయి చుట్టూ ముగ్గురు అమ్మాయిలే. ఆ రకంలో హీరో ఎవరినో కాపాడబోయి లారీ కింద పడి చనిపోవాలి. ఇక్కడ కజుమా కూడా అమ్మాయిని పక్కకి తోసి చనిపోతాడు. పైలోకంలో దేవత పగలబడి నవ్వుతూ చెబుతుంది: వచ్చింది లారీ కాదు నాయనా, ట్రాక్టర్, మెల్లగానే వస్తోంది, నువ్వు గుద్దేసిందనుకుని భయంతో పోయావు. పద్ధతి ప్రకారం అన్నీ జరిగాయి. మారింది బండి ఒక్కటే. మన జరుక్ శాస్త్రి గారిని పేరడీ శాస్త్రి అనేవారు. శ్రీశ్రీ మీద పేరడీ కట్టాలంటే ముందు శ్రీశ్రీ నడక చేతికి రావాలి కదా, అదీ సంగతి.

ఇక సరసం. ఈ విషయంలో నీకు ఒక షరతు పెడుతున్నాను, సలహా కాదు. నీ పాత్రలు ఇంటర్ చదువుతున్నారు. వాళ్ళని పెట్టి ఇలాంటి జోకులు రాయొద్దు. అనిమేల్లో ఉంది కదా అంటావు, ఉంది. 'హండ్రెడ్ గర్ల్‌ఫ్రెండ్స్'లోనే హకారి వాళ్ళమ్మ కూడా వందమందిలో ఒకరు కావడం, చిన్నపిల్లలా కనిపించే అమ్మాయిని అందులో కలపడం నాకు నవ్వు తెప్పించలేదు, ఆ భాగాలు ముందుకి జరిపేశాను. బాగున్న కథలోంచి అన్నీ తెచ్చుకోవాలని రూలేం లేదు. అందరికీ పాతికేళ్ళు దాటించు, మాదాపూర్‌లో ఏదో ఆఫీసులో పెట్టు. ఎలాగూ నువ్వు రాసిన టెర్రస్ మీద లంచ్ సీను మన ఇంటర్ కాలేజీలో జరగదు, టెర్రస్ తలుపుకి తాళం ఉంటుంది. ఆ సీను జపాన్ స్కూలుది.

ఆఫీసుకి మారిస్తే ఎంత సరుకు దొరుకుతుందో చూడు. మొదటి అధ్యాయంలో నీ హీరో కాలు జారి అమ్మాయి మీద పడతాడు. చెయ్యి ఎక్కడ పడిందో ఆరు లైన్లు రాశావు. ఆ ఆరు లైన్లలో జోకు లేదు తమ్ముడూ, చూపు ఉంది. దాన్ని ఒక్క వాక్యానికి కుదించి, ఆ తర్వాత ఏమవుతుందో రాయి. పదిమంది, ఆ పైన ఉద్యోగులున్న ఆఫీసులో, పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం ప్రకారం, ఫిర్యాదులు వినే ఇంటర్నల్ కమిటీ ఉండి తీరాలి, దానికి అధ్యక్షురాలు సీనియర్ మహిళా ఉద్యోగే. కమిటీ ముందు నీ హీరో కూర్చున్నాడు. మేడమ్ ఫైలు తిరగేస్తూ అడుగుతుంది: "ఈ నెలలో ఐదోసారి జారావు. నేలదా తప్పు, చెప్పులదా?" వాడు నిజంగానే జారాడు, ఎందుకంటే ఈ రకం కథల్లో హీరోలు జారతారు, అది వాడి ఖర్మ. ఎలా జారాడో తెల్లకాగితం మీద బొమ్మ గీసి చూపించాలి. హౌస్ కీపింగ్ అతన్ని సాక్షిగా పిలుస్తారు, నేల పొడిగానే ఉంది మేడమ్ అంటాడు. నవ్వు ఎవరి మీద పడుతోందో గమనించు. ఆ అమ్మాయి మీద కాదు. జారేవాడి మీదా, వాణ్ణి జారించే కథ మీదా.

జపాన్‌లో ఈ అనిమేలు చాలావరకు అర్ధరాత్రి దాటాక టీవీలో వస్తాయి. స్నానాల సీనొస్తే ఎక్కణ్ణుంచో దట్టంగా ఆవిరి కమ్ముకుంటుంది, లేదంటే అడ్డంగా ఒక వెలుగు చార పడుతుంది. తర్వాత డిస్క్ కొంటే ఆవిరి ఉండదు! సిగ్గుని కూడా విడిగా అమ్ముకునే వ్యాపారం అది. పేరడీ రాసేవాడికి ఇంతకన్నా ఏం కావాలి? నువ్వు మాత్రం ఆవిరి తీసేసి చూపించడమే ధైర్యం అనుకున్నావు. ఆవిరి మీదే జోకు వెయ్యి, అదే ఎక్కువ మోటుగా ఉంటుంది.

అమ్మాయిల గురించి చెప్పకుండా వదలను. నీ ఐదుగురికీ తలా ఒక లక్షణం ఇచ్చావు, అది తప్పు కాదు, ఈ రకంలో అంతే. తప్పెక్కడంటే ఆ లక్షణాన్ని ఒక్కసారి కూడా నిజమనుకోలేదు. 'హండ్రెడ్ గర్ల్‌ఫ్రెండ్స్'లో షిజుకా నోరు విప్పి మాట్లాడలేదు. చెప్పాలనుకున్న మాట పుస్తకంలో ఎక్కడుందో వెతికి, వేలు పెట్టి చూపిస్తుంది. నువ్వైతే అక్కడ రెండు జోకులేసి వెళ్ళిపోయేవాడివి. రెంతారో ఆ పుస్తకం మొత్తం టైపు చేసి, ఫోనులో పైకి చదివే యాప్‌లోకి ఎక్కించి ఇస్తాడు. పుస్తకం మొత్తం! ఆ పని పిచ్చిది కాబట్టి నవ్వొస్తుంది, నిజంగా చేశాడు కాబట్టి గొంతు పట్టేస్తుంది. ఆ తర్వాత షిజుకా మీద ఎన్ని జోకులేసినా మనకి కోపం రాదు. నీ మూడో అధ్యాయంలో లెక్కలన్నీ రాసిపెట్టుకునే పిసినారి అమ్మాయి ఉంది చూడు, ఆ పిల్ల అలా ఎందుకయిందో ఒక్క పేజీ రాయి. ఏడిపించొద్దు. ఒక్క పేజీ చాలు.

ఇంకోటి, నీ అమ్మాయిలు ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకోరు. మాట్లాడితే వాడి గురించే. హకారి, కరానే పోట్లాడుకునే తీరు వల్లే ఆ అనిమే సగం నిలబడింది. అంత దూరం ఎందుకు, కూచిపూడి భామాకలాపం చూడు. కృష్ణుడికి ఎనిమిది మంది పట్టపురాణులు. స్టేజీ మీద మనల్ని నవ్వించేది మాత్రం సత్యభామ, ఆవిడ చెలికత్తె మాధవి. మొగుడి పేరు చెప్పమంటే సత్యభామ సిగ్గుపడటం, ఉత్తరం పట్టుకెళ్ళడానికి మాధవి ముక్కెర అడగటం. కృష్ణుడు లేకుండానే ఎంత సరసం నడిచిందో! నీ హీరోని ఒక అధ్యాయం పాటు సెలవు మీద ఊరికి పంపించు. వాడు లేనప్పుడు ఆ ఐదుగురూ పాంట్రీలో ఏం మాట్లాడుకుంటారో నీకు తెలియకపోతే, వాళ్ళు నీకింకా పరిచయం కాలేదన్నమాట.

డబుల్ మీనింగ్ డైలాగుల్లో మూడింట రెండు వంతులు కొట్టేశాను, ఫైల్లో ఎర్రగా కనిపిస్తాయి. ఉంచినవి ఎందుకు ఉంచానో చూడు: వాటిల్లో మాట్లాడే మనిషికి రెండో అర్థం తెలియదు. తెలిసి కన్నుకొడితే అది వెకిలి.

నాలుగో అధ్యాయం ఇప్పుడే మొదలుపెట్టకు. ముందు ఆ కమిటీ సీను రాయి, కథకుణ్ణి నోరు మూసుకోమని చెప్పి. రాసింది ఫోటోలు తీసి పంపకు, వర్డ్ ఫైలు పంపు. అన్నట్టు, పధ్నాలుగో పేజీ దాకా లావణ్యగా ఉన్న అమ్మాయి పదిహేనులో లలిత అయిపోయింది, వాళ్ళు ఇద్దరో ఒకరో తేల్చు.

మీ అక్క