సలహా ఒకటే, స్పెల్లింగులు రెండెందుకు?

ప్రశ్న: ఆఫీసు మెయిల్లో ‘థాంక్స్ ఫర్ యువర్ అడ్వైజ్’ అని ఎస్ పెట్టి రాశాను. మేనేజర్ గారు దాని కింద గీత గీసి తిప్పి పంపారు. సి ఎప్పుడు, ఎస్ ఎప్పుడు? ప్రతిసారీ టెన్షనే.

జవాబు: మీరు రాసిన చోట సి రావాలండీ. సి ఉన్నది అడ్వైస్, అంటే సలహా, అది నామవాచకం. ఎస్ ఉన్నది అడ్వైజ్, అంటే సలహా ఇవ్వడం, అది క్రియ. ‘యువర్’ తర్వాత వచ్చేది ఒక వస్తువో విషయమో అయి ఉండాలి కాబట్టి అక్కడ క్రియ కుదరదు.

అసలు చిక్కంతా మన చెవి దగ్గర మొదలవుతుంది. మనలో చాలామంది రెండింటినీ ‘అడ్వైజ్’ అనే పలుకుతాం, నోట్లో తేడా లేనప్పుడు చేతికి తేడా ఎలా వస్తుంది? ఒకసారి గొంతు మీద రెండు వేళ్లు పెట్టుకుని ‘స్‌స్‌స్’ అని సాగదీయండి, అదురు ఉండదు. నాలుకను అక్కడే ఉంచి, ‘జ’కి తగిలినట్టు పైన తగలనీయకుండా, గొంతు కలపండి. వేళ్ల కింద తుమ్మెద రొదలా అదురుతుంది చూశారా, అదే అడ్వైజ్ చివర ఉండే శబ్దం. నాలుగు రోజులు ఇలా పలికితే స్పెల్లింగు దానంతటదే కుదురుతుంది.

ఇక వాక్యంలో. ‘నాకు సలహా ఇచ్చాడు’ అన్నదాన్ని ఇంగ్లిష్‌లో రెండు రకాలుగా చెప్పొచ్చు: ‘హి గేవ్ మీ అడ్వైస్’, ‘హి అడ్వైజ్డ్ మీ’. మొదటిదాంట్లో ‘ఇచ్చాడు’ అనే పని ‘గేవ్’ చేసేసింది, మిగిలింది సలహా ఒక్కటే, అందుకే సి. రెండోదాంట్లో ఇవ్వడం కూడా ఆ మాటలోనే ఉంది. మన ‘నాకు’లో ఉన్న ‘కు’ని చూసి ‘అడ్వైజ్డ్ టు మీ’ అని రాసేస్తుంటాం, అక్కడ ‘టు’ అక్కర్లేదు. చెయ్యాల్సిన పని చెప్పేటప్పుడు మాత్రం దాని ముందు వస్తుంది: ‘హి అడ్వైజ్డ్ మీ టు వెయిట్’.

ఇంకో తప్పు నన్ను మరీ బాధపెడుతుంది, ఎందుకంటే బాగా చదువుకున్నవాళ్లు కూడా చేస్తారు. మనకు సలహాలు ఉన్నాయి కదా అని సి ఉన్న మాటకు బహువచనం పెట్టి ‘మెనీ అడ్వైసెస్’ అంటారు. ఇంగ్లిష్‌లో సలహా నీళ్లలాంటిది, లెక్కపెట్టరు. ‘సమ్ అడ్వైస్’ అనండి, ఒక్కటే అయితే ‘ఎ పీస్ ఆఫ్ అడ్వైస్’. ‘షి అడ్వైజెస్’ మాత్రం సరైనదే, అది క్రియ.

ప్రాక్టీస్‌కి కూడా బ్రిటిష్ పద్ధతిలో ఇదే లెక్క, నామవాచకానికి సి, క్రియకు ఎస్. కానీ పలకడంలో రెండూ ఒకటే, పైగా అమెరికన్లు రెండింటికీ సి రాస్తారు, కాబట్టి అక్కడ చెవిని నమ్ముకోకండి. అడ్వైస్, అడ్వైజ్ మాత్రం రెండు పద్ధతుల్లోనూ వేరువేరే.

మెయిల్ చివర రాసే ‘ప్లీజ్ అడ్వైజ్’కి ఎస్సే. అక్కడ ‘చెప్పండి’ అని అడుగుతున్నారు.