తంగేడు నిజంగా చిక్కుడు కుటుంబానికి చెందినదేనా?

తంగేడు పువ్వు చిక్కుడు పువ్వును ఏమాత్రం పోలకపోయినా రెండింటినీ ఒకే కుటుంబంలో ఎందుకు చేర్చారన్నది ప్రశ్న. ఆ కుటుంబానికి ప్రధానమైన గుర్తు పువ్వు కాదు, కాయ. పూత రాలిన తరువాత కొమ్మలకు వేలాడే పలుచని, అణిగిన తంగేడు కాయను విప్పి చూస్తే, గింజలు చిక్కుడులో వలెనే ఒక వరుసలో కనిపిస్తాయి.

చిక్కుడు, కంది పూలు సీతాకోకచిలుక ఆకారంలో ఉండగా, తంగేడులో ఐదు పసుపు రేకులు దాదాపు సమానంగా విచ్చుకుంటాయి. అందుచేత దీనిని రేల చెట్టుతో పాటు వేరొక ఉపకుటుంబంలో ఉంచారు. విశేషమేమంటే ఈ పువ్వులో తేనె ఉండదు. పుప్పొడి కోసం వచ్చిన తుమ్మెద కేసరాలను పట్టుకుని ఝుమ్మంటూ అదిరించినప్పుడు, వాటి కొనలలోని సన్నని రంధ్రాల గుండా పుప్పొడి రాలుతుంది.

కంది వేళ్లపై ఉండే, గాలిలోని నత్రజనిని పట్టి ఉంచే బుడిపెలు తంగేడుకు ఏర్పడవు. రైతులు దీని రొట్టను పచ్చిరొట్ట ఎరువుగా వేయడం మాత్రం పాత అలవాటే. టానిన్ అనే వగరు పదార్థం అధికంగా ఉండే బెరడును తోళ్లు పదును చేయడానికి వాడేవారు. బతుకమ్మలో పేర్చే ఈ పువ్వే 2014లో తెలంగాణ రాష్ట్ర పుష్పమైంది.